పెద్దవయసు పేషెంటుకు ఏ యాక్సెస్? డయాలసిస్ యూనిట్‌లో పనిచేసేవాళ్లకు కొన్ని మాటలు

డయాలసిస్ యూనిట్లలో పనిచేసే టెక్నీషియన్లు, స్టాఫ్ నర్సులు, కొత్తగా ఇన్‌చార్జ్ బాధ్యత తీసుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫిస్టులానా, గ్రాఫ్టా, పెర్మ్‌క్యాతా అన్న నిర్ణయం నెఫ్రాలజిస్టుది, సర్జన్‌ది. అయితే ఆ నిర్ణయానికి కావలసిన సమాచారంలో చాలా భాగం మన దగ్గరే ఉంటుంది. డాక్టరు రౌండ్స్‌లో కొన్ని నిమిషాలు చూస్తారు. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు పక్కన ఉండేది మనం. పెద్దాయన యూనిట్‌కి ఎవరి సాయంతో వస్తున్నారు, ఏ చేతికి ఎన్నిసార్లు సెలైన్ పెట్టించుకున్నారు, డయాలసిస్ అయ్యాక మంచం దిగడానికి ఎంతసేపు పడుతోంది, ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారా లేదా, ఇవన్నీ మనకు తెలుస్తాయి. తెలిసిన సంగతి కేస్‌షీట్‌లోకి ఎక్కకపోతే 78 ఏళ్ల మనిషికి కూడా 40 ఏళ్ల మనిషికి వేసే ప్లానే వేసేస్తారు.

వయసులో ఉన్న పేషెంటు విషయంలో ఏ యాక్సెస్ ఎక్కువ ఏళ్లు నడుస్తుందని ఆలోచిస్తాం. పెద్దవయసు పేషెంటు విషయంలో అంతకంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఆయన వాడుకునేలోగా ఈ యాక్సెస్ సిద్ధమవుతుందా? సిద్ధం కాకపోతే తర్వాత ఏం చేస్తాం? ఈ రెండో ప్రశ్నకు జవాబు లేకుండానే ఆపరేషన్ థియేటర్‌కి పంపడం చాలా చోట్ల జరుగుతోంది. కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఫిస్టులా గురించి ముందు స్పష్టంగా మాట్లాడుకుందాం. న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో, ఆపెల్ అనే డాక్టర్ల బృందం మణికట్టు దగ్గర ధమనిని, సిరను కలిపి కుట్టే పద్ధతిని 1966లో ప్రచురించింది. సరిగ్గా తయారైన ఫిస్టులాను మించిన యాక్సెస్ ఇప్పటికీ లేదు. ఇన్‌ఫెక్షన్ తక్కువ, క్లాట్ అవడం తక్కువ, ఏళ్ల తరబడి నడుస్తుంది. అందుకే అమెరికాలో 2003లో ‘ఫిస్టులా ఫస్ట్’ పేరుతో పెద్ద కార్యక్రమం మొదలుపెట్టి, తర్వాత డయాలసిస్ పేషెంట్లలో 66 శాతం మందికి ఫిస్టులా ఉండాలని టార్గెట్ పెట్టుకున్నారు. ఆ ఊపు మన యూనిట్లకూ వచ్చింది. ఈ రోజు చైన్‌లో నడిచే యూనిట్లలో నెలాఖరు రిపోర్ట్‌లో ‘క్యాథెటర్ పర్సంటేజ్’ అన్న గడి ఉంటుంది. అది పెరిగితే ఇన్‌చార్జ్‌కి ఫోన్ వస్తుంది. ఆ ఒత్తిడి ఉండనే ఉంటుంది, దాన్ని తప్పించుకోలేం.

పెద్దవయసువాళ్లలో చిక్కంతా ఫిస్టులా తయారవడం దగ్గరే. వాళ్ల ధమనులు కాల్షియం పేరుకుని గట్టిపడి ఉంటాయి, సాగవు. షుగరు ఉంటే మణికట్టు ధమని మరీ సన్నగా ఉంటుంది. బీపీ పడిపోయే గుండెతో కొత్త ఫిస్టులాకు రక్తం చాలదు. అమెరికాలో 877 మందిపై చేసి 2008లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో కొత్త ఫిస్టులాల్లో సుమారు 60 శాతం గడువులోగా డయాలసిస్‌కి పనికొచ్చే స్థితికి రాలేదు. అది అన్ని వయసులవాళ్లూ కలిసిన లెక్క. మణికట్టు ఫిస్టులా పెద్దవాళ్లలో ఫెయిల్ అయ్యేది ఇంకా ఎక్కువ.

మన ప్రాంతంలో దీనికి తోడు ఇంకో కారణం ఉంది. నీరసం అంటే సెలైన్, జ్వరం అంటే సెలైన్, నడుం నొప్పికీ సెలైన్. పల్లెల్లో ఆరెంపీ దగ్గర ఏళ్ల తరబడి ఎక్కించుకున్న సీసాలన్నీ చాలామందికి ఎడమ చేతి సిరల్లోనే వెళ్లాయి. చూడ్డానికి సిర పైకి కనిపిస్తుంది, నొక్కితే తాడులా గట్టిగా తగులుతుంది. లోపల దారి మూసుకుపోయి ఉంటుంది. ఆ సిరతో ఫిస్టులా చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఒక మాదిరి కేసు చూద్దాం. 76 ఏళ్ల ఆవిడ. ఇరవై ఏళ్లుగా షుగరు. ఆయాసంతో ఎమర్జెన్సీకి వస్తే మెడలో టెంపరరీ క్యాథెటర్ వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా చేశారు. డాప్లర్ తీయలేదు. ఆరు వారాలకు థ్రిల్ సన్నగా ఉంది. ‘ఇంకో నెల చూద్దాం, బాల్ నొక్కించండి’ అన్నారు. మూడో నెలలో థ్రిల్ పోయింది. ఈలోగా టెంపరరీ క్యాథెటర్ రెండుసార్లు మార్చారు, ఒకసారి చలిజ్వరం వచ్చింది. తర్వాత మోచేతి దగ్గర రెండో ఆపరేషన్ చేశారు. అది తయారైంది గానీ చేతివేళ్లు చల్లబడి నొప్పి మొదలైంది. ఎనిమిది నెలల కాలం, రెండు ఆపరేషన్లు, ఒక అడ్మిషన్. ఈ కథలో ప్రతి అడుగూ విడిగా చూస్తే సబబుగానే కనిపిస్తుంది. మొత్తం మీద చూస్తే మాత్రం మొదటి వారంలో ఎవరూ కూర్చుని ఆలోచించలేదని అర్థమవుతుంది. డాప్లర్‌లో ధమని, సిర 2 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే మణికట్టు ఫిస్టులా మీద ఆశ తక్కువ. ఆ సంగతి ముందే తెలిస్తే టెంపరరీ బదులు మొదట్లోనే టనెల్డ్ క్యాథెటర్ (పెర్మ్‌క్యాత్) వేసి, తీరిగ్గా పైచేతిలో ప్లాన్ చేసేవారు. లేదా గ్రాఫ్ట్ గురించి ఆలోచించేవారు.

దీనికి పూర్తిగా ఎదురు కేసు కూడా ఉంటుంది. అది కూడా అంతే నష్టం చేస్తుంది. 74 ఏళ్ల రైతు. రోజూ పొలం గట్టు మీద నడుస్తారు. షుగరు లేదు, గుండె బాగుంది, ముంజేతి మీద సిర కంటికి కనిపిస్తుంది. ‘ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులెండి’ అని ఇంట్లోవాళ్లు అన్నారు, యూనిట్‌లోనూ ఎవరూ గట్టిగా చెప్పలేదు. పెర్మ్‌క్యాత్ మీదే రెండేళ్లు గడిచాయి. ఇన్‌ఫెక్షన్‌తో రెండుసార్లు ఆసుపత్రి పాలయ్యారు, మూడోసారికి స్టాఫ్ ఆరియస్ వెన్నెముకకు పాకింది. ఇలాంటి మనిషికి ఫిస్టులా చేయించకపోవడం నిర్లక్ష్యమే. పుట్టిన సంవత్సరం చూసి కాకుండా నడక, గుండె, సిర, ఇంట్లో ఆసరా, మనిషి కోరిక చూసి ఆలోచించాలి. అమెరికా నిపుణుల కెడాకీ మార్గదర్శకాల 2019 సవరణలో వచ్చిన పెద్ద మార్పు ఇదే. అందరికీ ముందు ఫిస్టులా అన్న ఒకే పట్టు వదిలి, ప్రతి పేషెంటుకూ ఒక లైఫ్ ప్లాన్ ఉండాలని, ఇప్పుడున్న యాక్సెస్ పోతే తర్వాత ఏమిటో అందులో ముందే రాసి ఉండాలని అన్నారు. ఆయుర్దాయం ఏడాదికి లోపే అనిపించేవాళ్లకు, సిరలు లేనివాళ్లకు, పదేపదే ఫెయిల్ అయినవాళ్లకు, అన్నీ తెలుసుకుని పేషెంటే కోరుకున్నప్పుడు టనెల్డ్ క్యాథెటర్‌ను ఎక్కువ కాలం ఉంచడం కూడా సరైన నిర్ణయమేనని ఒప్పుకున్నారు.

ఇక్కడ గణాంకాల విషయంలో ఒక జాగ్రత్త. క్యాథెటర్ ఉన్నవాళ్లు ఎక్కువమంది చనిపోతారని చదివి చాలామంది క్యాథెటరే చంపుతోందనుకుంటారు. ఇన్‌ఫెక్షన్ నిజంగానే ప్రాణాలు తీస్తుంది, అందులో సందేహం లేదు. అయితే ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్లకే క్యాథెటర్ మిగులుతుందన్నది కూడా నిజం. అమెరికాలో వృద్ధ పేషెంట్ల డేటా విశ్లేషించినప్పుడు, ఫిస్టులా ప్రయత్నించి అది ఫెయిలైనవాళ్లు కూడా, అసలు ప్రయత్నించకుండా క్యాథెటర్‌తోనే ఉన్నవాళ్లకంటే ఎక్కువ కాలం బతికినట్టు తేలింది. అంటే తేడాలో చాలా భాగం మనుషుల ఆరోగ్యంలోనే ఉంది. అందుకని మంచం పట్టిన మనిషికి ఫిస్టులా చేసినంత మాత్రాన నడిచే మనిషికి దక్కే లాభం దక్కదు. ఈ సంగతి మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో చెప్పగలిగితే మీ మాటకు విలువ పెరుగుతుంది. పర్సంటేజ్ గురించి అడిగినప్పుడు ‘మన క్యాథెటర్ పేషెంట్లలో ఫలానా ఇంతమందికి ప్లాన్ ఉంది, ఇంతమందికి క్యాథెటరే ప్లాన్, కారణం రాసి ఉంది, మిగతావాళ్లకు ఈ నెల డాప్లర్’ అని కాగితం ముందు పెట్టండి. గొంతు పెంచి వాదించేవాళ్లకంటే కాగితం ఉన్నవాళ్ల మాటే నిలబడుతుంది.

ఇక మనం చూడవలసినవి. కొత్తగా వచ్చిన పెద్దవయసు పేషెంటుకు మొదటి రెండు సెషన్లలోనే ఒక యాక్సెస్ షీట్ రాయండి. ఏ చేతివాటమో, స్ట్రోక్ వచ్చి ఏ చేయైనా బలహీనపడిందా, రొమ్ము ఆపరేషన్ అయిందా అడగండి. పేస్‌మేకర్ ఉందా, ఏ వైపు ఉంది అన్నది తప్పకుండా రాయాలి. పేస్‌మేకర్ వైర్లు ఉన్న వైపు ఛాతీలోని పెద్ద సిర సన్నబడే అవకాశం ఉంటుంది. అదే వైపు ఫిస్టులా చేస్తే చేయి మొత్తం వాచిపోవచ్చు. ఇంతకు ముందు ఎక్కడైనా కాలర్‌బోన్ కింద లైన్ వేశారా అన్నదీ అడగండి. సబ్‌క్లేవియన్ లైన్లు ఇదే చిక్కు తెస్తాయి కాబట్టే వాటిని తప్పించి, కుడి మెడ జుగులర్‌కు మొదటి ప్రాధాన్యం ఇస్తారు. చొక్కా తీయించి చూడండి. భుజం మీద, ఛాతీ మీద కొత్త సిరలు సాలెగూడులా కనిపిస్తే సర్జన్‌కు అది పెద్ద సమాచారం. రెండు చేతుల బీపీ చూసి తేడా ఉంటే రాయండి. ఎకో రిపోర్ట్‌లో ఇజెక్షన్ ఫ్రాక్షన్ ఎంతో ఎక్కించండి. గుండె బలహీనంగా ఉన్న మనిషికి పైచేతిలో ఎక్కువ ఫ్లో ఉన్న ఫిస్టులా పెడితే ఆయాసం పెరిగే ప్రమాదం ఉంది.

కుటుంబంతో మాట్లాడేటప్పుడు మన హద్దు మనకు తెలిసి ఉండాలి. ‘ఫిస్టులా చేయించుకోండి’, ‘పైపే మంచిది’ అని మనం చెప్పకూడదు. చూసింది చెప్పాలి, డాక్టరుతో మాట్లాడించాలి. చాలా ఇళ్లలో నిర్ణయం కొడుకో అల్లుడో తీసుకుంటారు, పెద్దాయన పక్కన కూర్చుని వింటుంటారు. ఆయన్నే అడగండి: ‘తాతగారూ, వారం వారం సూదులు గుచ్చించుకోవడం మీకు భయమా? స్నానం చేయలేకపోవడం కష్టమా?’ ఈ రెండింటికి వచ్చే జవాబుల్లో చాలా తెలుస్తుంది. పెర్మ్‌క్యాత్ ఉన్నన్నాళ్లు తలమీంచి నీళ్లు పోసుకోవడం, చెరువు స్నానం, పుష్కర స్నానం ఏదీ కుదరదు. కొందరికి అది పెద్ద వెలితి, కొందరికి పట్టదు. ఆడవాళ్లతో గాజుల సంగతి ముందే మాట్లాడాలి. ఆపరేషన్ రోజున ‘గాజులు తీసేయండి’ అంటే ముత్తైదువలు కన్నీళ్లు పెట్టుకుంటారు, కొందరు లేచి వెళ్లిపోతారు. ఆ చేతికి వదులైన ఒక్క గాజు ఉంచవచ్చా అని సర్జన్‌ను ముందే అడిగి చెప్పండి. పైచేతి ఫిస్టులా అయితే జాకెట్టు చేతులు వదులుగా కుట్టించుకోమని కూడా చెప్పాలి. ఇవి చిన్న విషయాలనిపిస్తాయి. ఆపరేషన్‌కి ఒప్పుకునేదీ మానేసేదీ ఎక్కువగా వీటి దగ్గరే తేలుతుంది.

అన్నిటికంటే కష్టమైన సంభాషణ డయాలసిస్ వల్లే మేలు తక్కువగా ఉండేవాళ్లది. అమెరికాలో నర్సింగ్ హోముల్లో ఉంటూ డయాలసిస్ మొదలుపెట్టిన వృద్ధులపై 2009లో వచ్చిన అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి 58 శాతం మంది చనిపోయారు. ముందున్నపాటి శక్తి నిలుపుకున్నవాళ్లు 13 శాతమే. మన ఇళ్లలో కుటుంబం చూసుకునే పెద్దలకు ఈ అంకెలు యథాతథంగా వర్తించవు. కానీ మంచం దిగలేని, మనిషిని గుర్తుపట్టలేని పెద్దవాళ్ల విషయంలో సర్జన్ అపాయింట్‌మెంట్‌కి ముందే నెఫ్రాలజిస్టు కుటుంబంతో కూర్చోవాలి. మీకు ఆ అనుమానం వస్తే డాక్టరుతో పక్కకు వెళ్లి చెప్పండి. పేషెంటు ముందు, అటెండర్ల ముందు కాదు.

గ్రాఫ్ట్ గురించి క్లుప్తంగా చెబుతాను. మన దగ్గర పెట్టేవాళ్లూ తక్కువే, ఖర్చూ ఎక్కువే. మామూలు పీటీఎఫ్ఈ గ్రాఫ్ట్ రెండు మూడు వారాల్లో వాడుకోవచ్చు. ఫిస్టులాకంటే ఎక్కువసార్లు క్లాట్ అవుతుంది, బెలూన్ పనులు పడతాయి. అయినా ముంజేతి సిరలు పోయి, క్యాథెటర్ త్వరగా తీసేయాల్సిన అవసరం ఉన్న పెద్దవాళ్లకు అది మంచి దారే. మీ సర్జన్ చేస్తారో లేదో తెలుసుకుని ఉండండి.

ఆపరేషన్ అయ్యాక మన పని పెరుగుతుంది. ప్రతి సెషన్‌లో చేయి పెట్టి థ్రిల్ చూడండి, స్టెతస్కోప్ పెట్టి వినండి. థ్రిల్ లేకుండా గట్టిగా కొట్టుకుంటుంటే పైన ఎక్కడో సన్నబడిందని అనుమానించాలి. చేయి పైకెత్తించండి. ఫిస్టులా మెత్తబడి కుంగితే బయటికి పోయే దారి బాగున్నట్టు. ఆరు వారాలకు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్లకు మించని లోతు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల ఫ్లో అన్నది గుర్తుపెట్టుకోదగ్గ కొలత. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పెరుగుదల కనిపించకపోతే ‘ఇంకో నెల’ అని ఊరుకోకండి. డాప్లర్‌కి పంపితే బెలూన్‌తో సరిచేయగల అడ్డు దొరకవచ్చు. ఆ నెల ఆలస్యం వల్ల ఫిస్టులాలు పోతాయి. చేయి చల్లబడటం, వేళ్లు తెల్లబడటం, డయాలసిస్ జరుగుతున్నప్పుడు నొప్పి పెరగడం, గోళ్ల దగ్గర పుండు, ఇవి స్టీల్ లక్షణాలు. మోచేతి ఫిస్టులాల్లో, షుగరు ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువ. ఆపరేషన్ అయిన కొన్ని గంటల్లోనే తీవ్రమైన నొప్పితో చేతి పట్టు తప్పితే అది ఎమర్జెన్సీ. రేపు చూద్దామనడానికి లేదు.

పెద్దవాళ్ల చర్మం కాగితంలా ఉంటుంది. మొదటి సూది ఎవరు వేస్తారన్నది ఇన్‌చార్జ్ నిర్ణయించాలి. షిఫ్ట్‌లో ఖాళీగా ఉన్నవాళ్లకు అప్పగించకూడదు. మొదట 17 గేజ్, పంప్ 200 నుంచి 250 మధ్య, కుదిరితే అల్ట్రాసౌండ్ చూసి వేయండి. అల్ట్రాసౌండ్‌తో సూది వేయడం నేర్చుకుంటే ఉద్యోగంలోనూ మీకు అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. వేరే యూనిట్‌కి వెళ్లినా, గల్ఫ్ ఇంటర్వ్యూకి కూర్చున్నా చెప్పుకోగల నైపుణ్యం అది. సూది తప్పి చేయి ఉబ్బితే ‘పక్కనే ఇంకోటి వేద్దాం’ అన్న పట్టుదలకు పోకండి. రెండోసారి తప్పితే సీనియర్‌ను పిలవండి. ప్రతిసారీ ఒకేచోట గుచ్చితే తేలిక, నొప్పీ తక్కువ. కానీ ఆ చోటు బెలూన్‌లా ఉబ్బి చర్మం పలచబడుతుంది, ఒకరోజు ఇంట్లో పగులుతుంది. సూదిచోట్లు మారుస్తూ పోవాలి.

క్యాథెటర్ ఉన్న పెద్దవాళ్లలో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. డయాలసిస్ మొదలయ్యాక అరగంటకో గంటకో వణుకు వస్తుంది. ఎవిల్, హైడ్రోకార్టిసోన్, పారాసెటమాల్ ఇస్తారు. వణుకు తగ్గుతుంది, పేషెంటు ఇంటికి వెళతారు. మళ్లీ సెషన్‌లో అదే. రెండు మూడు సెషన్లు ఇలా గడిచేసరికి ఇన్‌ఫెక్షన్ గుండె కవాటానికి చేరవచ్చు. క్యాథెటర్ ఉన్న మనిషికి వణుకు వచ్చిందంటే, వేరే కారణం రుజువయ్యేదాకా రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందనే అనుకోవాలి. యాంటీబయాటిక్‌కి ముందే బ్లడ్ కల్చర్ తీయాలి. పెద్దవాళ్లలో జ్వరం కూడా రాకపోవచ్చు. మాట తడబడటం, మగత, ఎప్పుడూ లేనంతగా బీపీ పడటం, ఇంతే కనిపించవచ్చు. హెపారిన్‌తో లాక్ చేసేటప్పుడు లూమెన్ మీద ముద్రించి ఉన్న వాల్యూమ్ మాత్రమే వేయండి. తర్వాతి సెషన్‌లో ఆ హెపారిన్ లాగి పారేయకుండా లోపలికి తోస్తే, ఇదివరకు స్ట్రోక్ వచ్చిన మనిషికి ఏం జరుగుతుందో ఊహించుకోండి. క్యాప్ తీసే ముందు క్లాంప్ వేసి ఉందా అని చూడటం, హబ్ రుద్దడం, మనకూ పేషెంటుకూ మాస్క్, ఇవి మూడో షిఫ్ట్ హడావుడిలోనే తప్పుతాయి. ఇన్‌చార్జ్‌గా మీరు తనిఖీ చేయాల్సింది కూడా ఆ షిఫ్ట్‌నే.

చివరిగా, ఫిస్టులా పనిచేయడం మొదలయ్యాక క్యాథెటర్ తీయించే సంగతి. ఎవరూ తేదీ రాయకపోవడం వల్ల మెడలో పైపు నెలల తరబడి అలాగే ఉండిపోయే పేషెంట్లు దాదాపు ప్రతి యూనిట్‌లోనూ ఉంటారు. రెండు సూదులతో వరుసగా కొన్ని సెషన్లు అనుకున్న పంప్ స్పీడ్‌తో ఇబ్బంది లేకుండా జరిగితే అదే రోజు డాక్టరుకు నోట్ పెట్టండి, రిమూవల్ తేదీ తీసుకుని షీట్‌లో రాయండి, అటెండర్‌కు చెప్పండి.